బాగున్నప్పుడే తీసేయమంటే...

1967లో అమెరికా ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి మూత్రంలో రక్తం పడింది. మూత్రంలోని కణాలను మైక్రోస్కోపు కింద చూసిన నిపుణులకు ఏకాభిప్రాయం కుదరలేదు. క్యాన్సరే కావచ్చని కొందరు అనుమానిస్తే, అంత మాట అనడానికి లేదని మరికొందరు అన్నారు. మరుసటి ఏడాది ఆయన నిక్సన్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయారు. 1973లో రేడియేషన్ ఇచ్చారు. 1976 అక్టోబరులో మూత్రసంచి తీసేశారు. అప్పటికే వ్యాధి దాని గోడలోకి దిగిపోయింది. 1978 జనవరిలో, 66 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 1994లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 1967 నాటి కణాలను మళ్లీ పరీక్షించారు. 1976లో కోసి తీసిన కణితిలో ఏ పీ53 జన్యుమార్పు ఉందో, సరిగ్గా అదే వాటిలోనూ కనిపించింది.

ముందే కనిపెట్టి ఉంటే బతికేవారన్నది ఈ కథ మీద అందరూ చేసే వ్యాఖ్య. నా సందేహం వేరు. 1967లోనే క్యాన్సరని తేలినా, ఎన్నికల ముంగిట నిలబడి నిక్షేపంగా తిరుగుతున్న మనిషి మూత్రసంచి తీయించుకోవడానికి ఒప్పుకునేవారా? తీయమని చెప్పే ధైర్యం ఏ డాక్టరైనా చేసేవారా?

తొలిదశ మూత్రాశయ క్యాన్సర్‌లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్తగా బయటపడే కేసుల్లో దాదాపు ముప్పావు వంతు, గోడలోని కండరం దాకా పోకుండా లోపలి పొరల్లోనే ఉంటాయి. వీరిలో చాలామందికి కడుపు కోయాల్సిన పని లేదు. మూత్రనాళం గుండా పరికరం పంపి కణితిని గీకేస్తారు. ఆ తర్వాత క్రమం తప్పకుండా సిస్టోస్కోపీ, అంటే మూత్రసంచి లోపల కెమెరాతో చూసే పరీక్ష, చేయించుకుంటే చాలు. అయితే తొలిదశ అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జబ్బులు నడుస్తున్నాయి. యూరప్ యూరాలజీ సంఘం లెక్క ప్రకారం, ఐదేళ్లలో వ్యాధి ముదిరే అవకాశం తక్కువ ముప్పు ఉన్నవారిలో ఒక శాతం లోపే. అత్యధిక ముప్పు ఉన్నవారిలో అది 40 శాతం. ఇద్దరికీ ‘తొలిదశే, భయం లేదు’ అని ఒకే ఓదార్పు మాట చెప్పడం నా దృష్టిలో పొరపాటు.

రెండో రకం వారికి మూత్రసంచిని పూర్తిగా తీసేయడం ముందే చెప్పాల్సిన చికిత్స. అది చిన్న ఆపరేషనేమీ కాదు. మగవారికి ప్రోస్టేట్, ఆడవారికి చాలాసార్లు గర్భసంచి కూడా దాంతో పాటే పోతాయి. చిన్నపేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి చేస్తారు. కొందరు జీవితాంతం పొట్టమీద బ్యాగుతో బతకాలి. మంచి ఆసుపత్రుల్లో సైతం ఆపరేషన్ తర్వాత మూడు నెలల్లో నూటికి కొందరు చనిపోతారు. నొప్పి లేదు, జ్వరం లేదు, పడిన రక్తం దానంతటదే ఆగిపోయింది. అలాంటి మనిషిని దీనికి సిద్ధం చేయడం మాటలు కాదు.

అందుకే అందరి చూపూ బీసీజీ మీద పడుతుంది. పసిపిల్లల భుజానికి వేసే క్షయ టీకాయే ఇది. దీన్ని మూత్రసంచిలోకి ఎక్కిస్తే క్యాన్సర్ తగ్గుతోందని 1976లో కెనడా డాక్టరు అల్వారో మొరేల్స్ చూపించారు. మొదట వారానికొకటి చొప్పున ఆరు డోసులు, తర్వాత విడతలుగా మూడేళ్ల దాకా ఇస్తారు. గొప్ప మందు, సందేహం లేదు. కానీ కాలం చేజారేది కూడా ఈ మూడేళ్లలోనే. న్యూయార్క్ సర్జన్లు హెర్, సొగాని 2001లో తమ పాత రోగుల వివరాలు ప్రచురించారు. బీసీజీ తర్వాత పైపొరల్లోనే క్యాన్సర్ తిరగబెట్టినవారిలో, రెండేళ్ల లోపు మూత్రసంచి తీయించుకున్నవారు 92 శాతం బతికారు. రెండేళ్లు దాటాక తీయించుకున్నవారిలో బతికింది 56 శాతమే. ఇది వెనక్కి తిరిగి చూసి వేసిన లెక్క కాబట్టి తిరుగులేని రుజువని అనలేం. అలాంటి రుజువు కోసం బ్రిటన్‌లో బ్రావో పేరుతో ప్రయత్నించారు. బీసీజీయా, ఆపరేషనా అన్నది చీటీ తీసినట్టు తేల్చడానికి ఒప్పుకుని అందులో చేరినవారు 50 మందే. రుజువు దొరికాకే మాట్లాడదామంటే ఆ రోజు ఎప్పటికీ రాకపోవచ్చు.

ఈలోగా వాయిదాకు కొత్త దారులు తెరుచుకున్నాయి. బీసీజీ పనిచేయనివారికి పెంబ్రోలిజుమాబ్‌ను అమెరికా 2020లో అనుమతించింది. పరీక్షలో 41 శాతం మందికి క్యాన్సర్ పూర్తిగా కనబడకుండా పోయింది. వారిలో సగం మందికి ఆ ఫలితం పదహారు నెలలకు మించి నిలవలేదు. తర్వాత ఒక జన్యుచికిత్స, 2024లో మరో మందు వచ్చాయి. గుండె బలహీనంగా ఉన్న ఎనభై ఏళ్ల పెద్దాయనకు ఇవి వరమే. అరవై ఏళ్లకు గట్టిగా ఉన్న మనిషికి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూ పోవడం, కోసి నయం చేయగల అదనును వదులుకోవడమే.

మన దగ్గర కాలహరణం ఇంకా ముందే మొదలవుతుంది. మూత్రంలో రక్తం కనబడితే ‘వేడి చేసింది’ అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు. రాయేమోనని కొన్నాళ్లు, ఇన్ఫెక్షనని ఒక కోర్సు యాంటీబయాటిక్స్. బీడీ, సిగరెట్, చుట్ట అలవాటున్నవారికి నొప్పి లేకుండా రక్తం పడితే ముందు అనుమానించాల్సింది క్యాన్సర్‌నే. ఆసుపత్రికి వెళ్లాక ఇంకో గండం రెండోసారి గీకడం. మొదటిసారి పంపిన బయాప్సీలో కండరం ముక్క లేకపోతే జబ్బు ఎంత లోతుకు పోయిందో ఎవరూ చెప్పలేరు. అందుకే ముప్పు ఎక్కువున్నవారికి రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ చేయాలి. మొదటిది సరిగా చేయలేదేమో, మళ్లీ డబ్బులు గుంజుతున్నారేమో అని ఇంటివాళ్లు అనుకుంటారు. ఎందుకు చేయాలో ముందే విడమరచి చెబితే ఆ అపార్థం చాలావరకు తప్పుతుంది.

మూత్రసంచి తీసేసే మాటను అన్ని మందులూ అయిపోయాక ఎత్తకూడదు. మొదటి బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజే ఎత్తాలి. ఏం జరిగితే ఆపరేషన్‌కు వెళ్లాలో ఆ రోజే రోగితో కూర్చుని కేసు షీటులో రాసుకోవాలి. మొదటి ఆరు డోసుల్లో కనీసం ఐదు, తర్వాతి విడతలోని మూడింట్లో కనీసం రెండు పడ్డాక కూడా హైగ్రేడ్ (దూకుడు ఎక్కువున్న) క్యాన్సర్ కనిపిస్తే, ఆపరేషన్‌ను తట్టుకోగల మనిషికి ఇంకో మందు వెతకడం మానాలి. డబ్బుల్లేకో, సరఫరా లేకో డోసులు తప్పినవారిని ‘బీసీజీ ఫెయిల్’ ఖాతాలో వేయకూడదు. వారికి సరైన కోర్సు అందనే లేదు. మరో సంగతి: కణితిని గీకే డాక్టర్లు చాలా ఊళ్లలో ఉన్నారు, మూత్రసంచి తీసి పేగుతో కొత్త దారి చేయడంలో చేయి తిరిగినవారు కొద్దిమందే. ముప్పు ఎక్కువున్న రోగి బీసీజీ మొదలుపెట్టిన నెలలోనే అలాంటి సర్జన్‌ను ఒకసారి కలిసి రావాలి. బ్యాగుతో బతుకుతున్న ఇంకో మనిషితో ఆ రోజే మాట్లాడించగలిగితే మరీ మంచిది.