పేరు సరే, పనేమిటి?

ప్రయోగశాలలో కొత్త పరికరాన్ని కంప్యూటర్‌కి తగిలించగానే సాఫ్ట్‌వేర్ దాని పేరు అడుగుతుంది, పని అడగదు. నా ఫిర్యాదల్లా అదే. 1987 నాటి ఐఈఈఈ 488.2 ప్రమాణం ఇందుకోసం ‘స్టార్ ఐడీఎన్’ అనే ఆదేశం పెట్టింది. దానికి పరికరం కామాలు పెట్టి నాలుగు ముక్కలు అప్పజెబుతుంది: తయారీ సంస్థ, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్. తను వోల్ట్‌మీటరో పవర్ సప్లయో మాత్రం చెప్పదు, మోడల్ నంబర్ పట్టుకుని మనమే తేల్చుకోవాలి. యూఎస్‌బీ కేబుల్ మధ్యలో సీరియల్ మార్పిడి చిప్ ఉంటే ఇంకా దారుణం. కంప్యూటర్‌కి కనిపించే వెండర్ ఐడీ ఆ చిప్‌ది. అదే రకం చిప్ ఉంటే సిరంజి పంపూ, తూకం యంత్రమూ కంప్యూటర్‌కి ఒకేలా అగుపిస్తాయి. ఏది ఏ కామ్ పోర్టో టేపు ముక్క మీద రాసి అంటించుకోవడం తప్పదు. మైక్రోస్కోపుల కోసం 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో రాన్ వేల్ ల్యాబ్‌లో మొదలైన మైక్రో‌మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో నాకు నచ్చుతుంది. కంపెనీ ఏదైనా సరే, అందులో పరికరాలకి కెమెరా, షట్టర్, స్టేజ్ అంటూ పనిని బట్టే రకం. తెర అనేదే లేని ఎల్‌ఈడీ దీపం కూడా వెలిగి ఆరుతుంది కాబట్టి షట్టర్ల జాబితాలో చేరడం కాస్త నవ్వొస్తుంది, నిజమే. అయినా ఆ సర్దుబాటు వల్లే కెమెరా మార్చినా ప్రయోగం స్క్రిప్టు చాలావరకు అలాగే నడుస్తుంది. కెమెరా టెండరు పత్రంలో మెగాపిక్సెళ్ల పక్కన, ఇలా పనిని బట్టి రకం చూసే సాఫ్ట్‌వేర్‌తో నడవాలన్న షరతు కూడా రాయించాలి.