పగులుకు ముందు వేడి

2025 జులైలో మన కర్నూలు జిల్లా డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో డ్రోన్ నుంచి క్షిపణిని ప్రయోగించారు. అలాంటిది వేగంగా తాకినప్పుడు ఉక్కు లోపల జరిగేదే ఆలూరు నుంచి వెలువడే ఈ సంచికకు ముఖ్యాంశం.

లోహాన్ని మెల్లగా కోస్తే, పుట్టిన వేడి చుట్టూ పాకిపోతుంది. కానీ తాకిడి వల్ల కలిగే, రెప్పపాటులో వందో వంతు కూడా పట్టని కోతలో దానికి పాకే వ్యవధి ఉండదు. రూపు మారడానికి ఖర్చైన శక్తిలో అధిక భాగం వేడై, వెంట్రుకంత సన్నని పట్టీలో చిక్కుకుంటుంది. అక్కడ లోహం మెత్తబడుతుంది. మెత్తబడ్డ చోటే మరింత జారుతుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరికి ఆ పట్టీ వెంటే పగులుతుంది. ఎంత అద్భుతమైన గొలుసు! శాస్త్రవేత్తలు జెనర్, హాలోమన్ 1944లోనే దీన్ని వివరించారు.

ఇలాంటి తాకిడిని ఎదుర్కొనే అర్జున్ ట్యాంకు 'కంచన్' కవచానికి పుట్టిల్లు హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల. మన సీమ పిల్లలు అక్కడికి చేరాలని మా గట్టి కోరిక.