విశాఖ తీరాన ముగిసిన ఘాజీ కథ

నకిరేకల్ నుంచి విశాఖ చూడ్డానికి వెళ్లిన కుటుంబాలు బీచ్‌రోడ్డులో తప్పక ఆగే చోటు ఒకటుంది. అదే కురుసుర జలాంతర్గామి. 2001లో నౌకాదళం నుంచి రిటైరయ్యాక, 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. పిల్లలు లోపలికి దూరి ఇరుకు పడకలూ టార్పెడో గొట్టాలూ చూసి సంబరపడతారు. తీరానికి కాస్త దూరంలో, సముద్రం అడుగున మరో జలాంతర్గామి ఉంది. దాన్ని చూడ్డానికి మాత్రం ఏ టికెట్టూ దొరకదు. దాని పేరు ఘాజీ.

జలాంతర్గాముల్లో బతుకు ఎంత ప్రమాదకరమో రెండో ప్రపంచయుద్ధం చూపించింది. జర్మనీ యూబోట్లలో పనిచేసిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు తిరిగి రాలేదు. ఆ యుద్ధకాలంలోనే అమెరికా కట్టిన జలాంతర్గామి ఇది. అప్పటి పేరు డయాబ్లో. 1945 మార్చి 31న అమెరికా నౌకాదళంలో చేరింది. ఆగస్టులో తొలి యుద్ధయాత్రకు బయల్దేరింది. అది దారిలో ఉండగానే జపాన్ లొంగిపోయింది!

1964లో అమెరికా దాన్ని పాకిస్థాన్‌కు లీజుకిచ్చింది. డయాబ్లో కాస్తా ఘాజీ అయింది. అప్పటికి మన నౌకాదళానికి ఒక్క జలాంతర్గామీ లేదు. తొలి జలాంతర్గామి కల్వరి చేరింది 1967 డిసెంబరులో.

1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి కదిలింది. శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. గురి మన విమానవాహక నౌక విక్రాంత్. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపేశారు. అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్దఎత్తున సరుకులకు ఆర్డర్లు కూడా ఇప్పించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పెద్ద పేలుడు. ఘాజీ మునిగిపోయింది. అందులోని 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ముంచిందెవరు? ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్‌ఛార్జ్‌లే కారణమని భారత్ చెప్పింది. ఘాజీలోని మందుపాతరలు ప్రమాదవశాత్తూ పేలాయన్నది పాకిస్థాన్ మాట. విచిత్రమేమిటంటే రాజ్‌పుత్ కూడా రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ నౌకే. ఆ యుద్ధంలో ఒకే పక్షాన ఉన్న రెండు దేశాలు కట్టిన నౌకలు, పాతికేళ్ల తర్వాత తెలుగు తీరంలో శత్రువులుగా ఎదురుపడ్డాయి.

ఆ యుద్ధానికి గుర్తుగా బీచ్‌రోడ్డులో విజయ స్మారకం ఉంది. 2017లో తెలుగులో ‘ఘాజీ’ సినిమా వచ్చింది. 2024లో మన నౌకాదళం ఆధునిక పరికరాలతో శిథిలాలను గుర్తించినట్లు వార్తలొచ్చాయి. అసువులు బాసినవారి మీద గౌరవంతో వాటిని కదిలించలేదని అధికారులు చెప్పారు. గెలిచినవాళ్లు పాటించిన మర్యాద అది.

ఈసారి కురుసుర చూడ్డానికి వెళితే ఆ ఇరుకు పడకల దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఘాజీలోని 93 మందీ ఇలాంటి చోటే నిద్రపోయేవారని పిల్లలకు చెప్పండి. యుద్ధమంటే సినిమా ఒక్కటే కాదని వాళ్లకే తెలుస్తుంది.