ఊరు అడగని అంకె

పాలకులు అసమానత తగ్గిందంటే మేం అడిగేది ఒక్కటే: ఏ కొలతతో? నంద్యాల ఉద్యోగికి నెలకు 50 వేలు, ఆళ్లగడ్డ కూలీకి 10 వేలు వస్తున్నాయనుకుందాం. ఇద్దరి రాబడీ రెట్టింపైతే తేడా 40 వేల నుంచి 80 వేలకు పెరుగుతుంది. 1912లో ఇటలీ గణాంకవేత్త కొరాడో గిని చెప్పిన సూచీ మాత్రం కదలదు. అది నిష్పత్తినే చూస్తుంది. ఎవరిది ఏ ఊరో అడగదు. ఇద్దరూ ఊళ్లు మార్చుకున్నా అదే అంకె! 1967లో హెన్రీ థైల్ ఇచ్చిన సూచీని ప్రాంతం లోపలి తేడా, ప్రాంతాల మధ్య తేడాగా విడదీయొచ్చు. 2022లో నంద్యాల జిల్లా అయింది. జిల్లాకొక సగటు చూపి చేతులు దులుపుకుంటే కుదరదు. మండలాలవారీగా లెక్క తీయాలి. సీమకూ మిగతా ప్రాంతాలకూ మధ్య తేడా ఎంతో విడిగా చెప్పాలి. మాకు కావాల్సింది ఆ రెండో అంకే!