కమీషన్ కన్సల్టెంటుకు.. నోటీసు జీతమోనికి

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఇప్పుడు లేదు. 2021లో బాటసింగారం తరలించిన్రు, ఆ జాగను టిమ్స్ దవాఖానకు ఇచ్చిన్రు. మార్కెట్ ఉన్నన్ని రోజులు ఇక్కడ కమీషన్ అంటే అందరికీ ఒకటే అర్థం. రైతు బత్తాయి తెస్తడు. కమీషన్ ఏజెంటు అమ్మిపెడ్తడు, తక్‌పట్టీ రాసిస్తడు, తన వాటా పట్టుకుంటడు. ఎక్కువ పట్టుకున్నడని లొల్లి అయ్యేది. కానీ సరుకు మాత్రం కండ్ల ముందట ఉండేది.

ఇప్పుడు జూలై వచ్చిందంటే ఇంకో కమీషన్ మాట వినబడ్తది. "అన్నా, నీ జీతంలో కట్ అయిన టాక్స్ మొత్తం వాపస్ తెప్పిస్త. నాకు పది శాతం ఇయ్యి చాలు." ఇక్కడ సరుకేం లేదు. అబద్ధం ఒక్కటే ఉన్నది.

మా గల్లీలో ఉండే ఒక సర్కారు ఉద్యోగి మొన్న నా దగ్గరికి కాయితం పట్టుకొచ్చిండు. రెండేండ్ల కింద ఆయన రిటర్న్‌లో రాజకీయ పార్టీకి చందా ఇచ్చినట్టు, ఇంట్ల పెద్ద రోగానికి వైద్యం చేయించినట్టు రాసి ఉన్నది. "నేను ఏ పార్టీకీ రూపాయి ఇయ్యలే. ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం" అన్నడు. రిటర్న్ నింపినోని ఫోన్ స్విచాఫ్. నోటీసు మీద ఉన్న పేరు మాత్రం ఈయనది.

మన దగ్గరే కాదు

ఇది ఒక్క గల్లీ ముచ్చట కాదు. 2023 జూన్‌లో హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసర్లు కొంతమంది టాక్స్ కన్సల్టెంట్ల మీద సర్వే చేసిన్రు. పోలీసు, రైల్వే ఉద్యోగుల పేర్ల మీద దొంగ మినహాయింపులు చూపి రీఫండ్‌లు గుంజిన్రని అప్పుడే బయటపడ్డది. 2025 జూలై 14న ప్రత్యక్ష పన్నుల బోర్డు దేశమంతా ఇసొంటోళ్ల మీద తనిఖీలు మొదలువెట్టింది. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమంతట తామే రిటర్న్‌లు సరిదిద్దుకొని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వాపస్ తీసుకున్నరని బోర్డే చెప్పింది.

దందా ఎట్ల నడుస్తదో కూడ చెప్పింది. ఉద్యోగి ఈ-మెయిల్ పెట్టరు. కన్సల్టెంటే ఒక కొత్త ఈ-మెయిల్ సృష్టిస్తడు, దాంతోని రిటర్న్‌లు కుప్పలు కుప్పలుగ వేస్తడు. సీజన్ అయిపోంగనే దాన్ని వదిలేస్తడు. నోటీసు ఆ మెయిల్‌కే పోతది. చదివేటోడు ఉండడు.

లెక్క వేసి చూద్దాం

పాత పద్ధతిలో పన్ను కట్టే ఒక ఉద్యోగికి పన్ను పడే ఆదాయం 9 లక్షలు అనుకుందాం. 3 లక్షల దొంగ మినహాయింపు చూపిస్తే, 20 శాతం చొప్పున 60 వేలు వాపస్ వస్తయ్. అందులో 6 వేలు కన్సల్టెంటుకు, 54 వేలు ఉద్యోగికి. దొరికిన రోజు ఏమైతది? 60 వేలు తిరిగి కట్టాలె. ఆదాయం తప్పుగ చూపిండని 1961 చట్టం 270ఎ సెక్షన్ కింద 200 శాతం జరిమానా, అంటే లక్షా 20 వేలు పడొచ్చు. మొత్తం లక్షా 80 వేలు. సెస్సు, వడ్డీ దీని మీద అదనం. చేతికొచ్చింది 54 వేలు!

కన్సల్టెంటు తప్పించుకుంటడని కాదు. తప్పుడు రిటర్న్‌కు సాయం చేసినోళ్లకు అదే చట్టంలో 278 సెక్షన్ కింద జైలు శిక్ష ఉన్నది. కానీ వాణ్ని పట్టుకునేసరికి ఏండ్లు పడ్తది. జీతమోడు మాత్రం పాన్ కార్డుతోని సహా దొరికి ఉన్నడు.

పెద్దోళ్ల లెక్కలు ఎట్ల తెగినయో కూడ మనం చూసినం. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. వేల కోట్లు కాయితాల మీదనే ఉన్నయని ఆయనే రాసిండు. శిక్ష పడేసరికి 2015 ఏప్రిల్ అయింది. శిక్ష పడ్డ పది మందిలో ఇద్దరు ఆడిటర్లు. నెల తిరగంగనే బెయిల్ వచ్చింది. గల్లీ ఉద్యోగికి అంత పెద్ద వకీళ్లు దొరుకుతరా?

అకౌంటెంట్ అన్నలకు, అక్కలకు

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యాలీ నేర్చుకొని, చిన్న రూమ్ కిరాయికి తీసుకొని నీతిగ బతికేటోళ్లు మస్తుమంది ఉన్నరు. "నువ్వు 500 తీసుకొని సున్నా తెస్తవ్, పక్కోడు 50 వేలు తెప్పిస్తుండు" అని గిరాకీ మొఖం మీదనే అంటే వాళ్లకెంత కష్టమైతదో నాకు ఎరుకే. అయినా నాలుగు మాటలు చెప్పాలె.

ఒకటి, ఫీజును రీఫండ్‌కు ముడిపెట్టొద్దు. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకునుడు చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, వృత్తి తప్పిదం. సీఏ కానోళ్లకు ఆ చట్టం వర్తించకపోవచ్చు, ఆ నీతి వర్తిస్తది. మన సంపాదన రీఫండ్ సైజు మీద ఆధారపడ్డ రోజు మన చెయ్యి నిజం రాయదు.

రెండు, గిరాకీ సొంత ఫోన్ నంబర్, సొంత ఈ-మెయిలే పెట్టాలె. పాస్‌వర్డ్ ఆయనకే అప్పజెప్పాలె. మూడు, రసీదు చూడకుండ ఏ మినహాయింపూ ఎక్కించొద్దు. 2025-26 అసెస్‌మెంట్ ఏడాది ఫారాల నుంచే పాలసీ నంబర్, లోన్ అకౌంట్ నంబర్ లాంటి వివరాలు అడుగుతున్నరు. ఉత్త అంకె వేసి తప్పించుకునే రోజులు పోయినయ్. నాలుగు, తప్పు జరిగిపోయిన పాత రిటర్న్ ఉంటే దాచిపెట్టమని సలహా ఇయ్యొద్దు. నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేయించాలె. గడువు ఇప్పుడు అసెస్‌మెంట్ ఏడాది ముగిసినంక నాలుగేండ్లు. మొదటి ఏడాదిలో అయితే పన్ను, వడ్డీ మీద ఇంకో 25 శాతం కట్టాలె. ఆలస్యమైన కొద్దీ అది 50, 60, 70 శాతం అయితది. 200 శాతం కన్నా ఇది నయమే గదా.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం అమలుకు పెట్టిన్రు, సెక్షన్ల నంబర్లు మారినయ్. పాత ఏండ్ల లెక్కలకు మాత్రం పాత చట్టమే. "కొత్త చట్టం వచ్చింది, పాతయి మాఫీ" అని ఎవడన్న చెప్తే నమ్మొద్దు.

సర్కారు బాధ్యత లేదా?

ఉన్నది. పక్కోని రిటర్న్ నింపిపెట్టేతందుకు ఈ దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. మూడో మనిషి రిటర్న్ నింపితే వాని పేరు, నంబర్ అందులో తప్పనిసరిగ ఉండాలె. దొరికినప్పుడు ముందు నోటీసు వానికి పోవాలె. ఉద్యోగ సంఘాలు కూడ డీఏ, పీఆర్సీ కోసం కొట్లాడినట్టే, ప్రతి ఏడాది జూన్‌లో ఆఫీసుల్లో నీతిగల అకౌంటెంట్‌ను పిలిచి ఒక్క పూట చెప్పించాలె.

మా గల్లీ ఉద్యోగి ఇప్పుడు కో-ఆపరేటివ్ సొసైటీలో లోన్ కోసం తిరుగుతున్నడు. రీఫండ్ వచ్చిన పైసలతోని బిడ్డకు స్కూటీ కొన్నడట. మీ రిటర్న్‌లో ఏం రాసి ఉన్నదో మీకు తెలుసా? ఇయ్యాల్నే లాగిన్ అయి ఒక్కసారి చూసుకోండ్రి.