"అనుభవం ఎక్కడ దొరుకుతుంది సార్?"

డిగ్రీ పట్టా చేతికొచ్చి ఏడాది దాటినా ఉద్యోగం రాక, పండక్కి ఊరెళ్తే "ఏం చేత్తన్నావ్ రా?" అని ఎవరు అడుగుతారో అని భయపడే మన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ నాలుగు మాటలు. మీరు చదివి, ఇంట్లో అమ్మకీ నాన్నకీ కూడా వినిపించండి. తప్పు మీ బిడ్డది కాదని వాళ్ళకి తెలియాలి.

నేను బుట్టాయిగూడెం మండలం నుంచి ఏలూరు వచ్చి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకున్నాను. మా ఇంట్లో అంత దూరం వచ్చింది నేనే. పాసయ్యాక ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు... తిరగని చోటు లేదు. ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే, "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" లేదంటే "మళ్ళీ కబురు చేస్తాం" అనేవాళ్ళు. ఆ కబుర్లు ఇప్పటిదాకా రాలేదు.

చేపల మేత అమ్మే ఒక కంపెనీ వాళ్ళైతే రెండేళ్ళ అనుభవంతో పాటు సొంత బండి, లైసెన్సు కూడా ఉండాలన్నారు. బండి కొనాలంటే జీతం రావాలి. జీతం రావాలంటే బండి ఉండాలి. ఇంక ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ రోజు నాతో పాటు వచ్చిన కుర్రాడికీ అనుభవం లేదు. కానీ వాళ్ళ బాబాయికి కొల్లేరు వైపు చెరువులున్నాయి, ఆ కంపెనీ మేతే కొంటాడు. వారం తిరక్కుండా కుర్రాడు ఉద్యోగంలో చేరిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, మంచివాడే. కానీ అప్పుడే నాకు ఆ ప్రశ్న అసలు అర్థం తెలిసింది. "అనుభవం ఉందా?" అంటే "నీ వెనక ఎవరున్నారు?" అని.

ఒకసారి ఆలోచించండి. కొల్లేరు చుట్టూ చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు, నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లు ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో మార్కెట్టు, మిల్లులు, 2015 నుంచి ఎన్ఐటీ ఉన్నాయి. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పని లేని ప్రాంతం కాదిది. మనవాళ్ళు కూడా ఇక్కడ పనిచేస్తున్నారు, కాకపోతే కూలికి. చెరువు గట్టు మీద రాత్రి కాపలాకి మన మనిషిని పెట్టుకునేటప్పుడు ఎవరూ అనుభవం అడగరు. అదే చెరువు నీళ్ళు ల్యాబ్‌లో పరీక్ష చేసే పనికి మన పిల్ల వెళ్తే అడుగుతారు.

ఒకప్పుడు మనకంటూ ఒక మొదటి మెట్టు ఉండేది. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతం బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. మైదానం నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగా రావడం లేదన్నది దాని వెనకున్న ఒక కారణం. చదువు, అర్హత ఉంటే చాలు, అనుభవం, వెనక బాబాయి అక్కర్లేదు. ఇంట్లో ఒకరికి టీచర్ ఉద్యోగం వస్తే ఆ జీతంతో చెల్లి చదివేది, చెల్లిని చూసి పక్కింటి పిల్ల చదివేది.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ మిగతావాళ్ళ సమాన హక్కుకి విరుద్ధం, యాభై శాతం దాటకూడదు అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని మాత్రం కదపలేదు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాల్సి వచ్చింది.

"ఏజెన్సీలో ఉన్న గిరిజనేతరుల పిల్లలు కూడా నిరుద్యోగులే కదా?" అని కొందరు అడుగుతారు. నిజమే, వాళ్ళ కష్టమూ కష్టమే. కానీ వాళ్ళలో చాలామందికి మైదానంలో చుట్టాలున్నారు, కొట్లున్నాయి, చెరువులున్నాయి. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తట్టొచ్చు. మనకున్నది ఆ ఒక్క తలుపే.

ఆ హక్కుని చట్టంగా తిరిగి తెచ్చుకోవడానికి కొట్లాడాల్సిందే. అయితే అదొక్కటే సరిపోదు. బీకాం, బీఎస్సీ చదివిన ప్రతి ఒక్కరూ టీచర్ కాలేరు, కావాలని కూడా లేదు. మైదానంలో ఉన్న ఉద్యోగాల్లో మన వాటా అడగాలి. దానికి ఇప్పటికే ఒక చట్టం ఉంది.

అది 1961 నాటి అప్రెంటిస్ చట్టం. ముప్పై మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. కాంట్రాక్టు వాళ్ళూ ఆ లెక్కలోకి వస్తారు. రెండొందల మంది పనిచేసే రొయ్యల ప్లాంట్ ఉందనుకోండి, తక్కువలో తక్కువ ఐదుగురు. ఎస్సీ, ఎస్టీలకి అందులో రిజర్వేషన్ ఉంది. డిగ్రీ చదివినవాళ్ళకి నెలకి 9,000 రూపాయలకి తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వాలని 2019లోనే రూల్ పెట్టారు. "కొత్తవాళ్ళకి పని నేర్పితే ఆర్నెల్లకి వెళ్ళిపోతారు, మాకు నష్టం" అని యజమానులు అంటారు. ఆ భారం తగ్గించడానికే స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వం పెట్టుకునే పథకాలున్నాయి.

అందుకని మనం అడగాల్సినవి మూడు.

ఒకటి: కైకలూరు, ఆకివీడు, భీమవరం, తాడేపల్లిగూడెం చుట్టూ ఏ సంస్థలో ఎంతమంది అప్రెంటిస్‌లు ఉన్నారు, వాళ్ళలో ఆదివాసీ పిల్లలు ఎంతమంది అన్న లెక్క అధికారులు బయటపెట్టాలి.

రెండు: కోటరామచంద్రపురం ఐటీడీఏ ఏటా డిగ్రీ పాసైన మన పిల్లల జాబితా తయారుచేసి, తనే సంస్థలతో మాట్లాడి పంపాలి. జాబ్ మేళా పెట్టి ఫొటో దిగితే సరిపోదు.

మూడు: చదువు అయిపోగానే హాస్టల్ ఖాళీ చేయమంటున్నారు. ఉద్యోగం వెతుక్కునే ఆ మొదటి ఏడాది ఉండటానికి చోటు, తినడానికి తిండి ఇవ్వాలి. తొమ్మిది వేలతో టౌన్‌లో అద్దె కట్టి, తిని, ఇంటికి ఏం పంపుతారు?

ఇవన్నీ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోమని చెప్పను. బయోడేటాలో "అనుభవం: లేదు" అని రాయకండి. సంతలో జీడిపిక్కలు దగ్గరుండి తూకం వేయించి, షావుకారు లెక్కలో తప్పు పట్టుకున్నది మీరే కదా? అటవీ హక్కుల పట్టా కోసం, పోలవరం ముంపు పరిహారం కోసం ఊళ్ళోవాళ్ళకి అర్జీలు రాసిపెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగింది మీరే కదా? లెక్కలు చూడటం, కాగితం రాయడం, అధికారితో మాట్లాడటం, వీటినే వాళ్ళు అనుభవం అంటారు. ఏం పని, ఎన్నాళ్ళు చేశారో సూటిగా రాయండి.

ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడికి రూపాయి ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి. మూడు నెలలు పనిచేసినా సరే, చేసినట్టు కాగితం మీద రాయించుకోండి.

చివరిగా, నాకు మొదటి ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్తాను. హాస్టల్లో నాకన్నా రెండేళ్ళు ముందు చదివిన అన్న ఒకాయన ఆకివీడు వైపు ఒక ల్యాబ్‌లో పనిచేసేవాడు. "మా వాడు సార్, నేర్చుకుంటాడు, నాదీ పూచీ" అన్నాడు. అంతే. పది నెలలు నేను తిరిగి తిరిగి సాధించలేనిది ఆ ఒక్క మాట సాధించింది. నీళ్ళ పరీక్ష నేను పదిహేను రోజుల్లో నేర్చుకున్నాను.

అందుకే ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. మీ ఆఫీసులో, మీ ప్లాంట్‌లో ఖాళీ ఉందని తెలిస్తే వెంటనే ఊరికి ఫోన్ చేయండి. హక్కు కోసం కొట్లాట ఎటూ తప్పదు. అది గెలిచేదాకా, వెనక ఎవరూ లేని పిల్లలకి మీరే ఆ బాబాయి అవ్వండి.