లాలాపేట ముచ్చట్లు – 11: ఫొటో వెనక పేరు రాయండి



పోయిన భాగంలో రైల్వే క్వార్టర్ల గురించి రాస్తే చాలామంది ఒకటే అడిగారు: "సార్, పాత ఫొటోలుంటే పెట్టండి." నా దగ్గర ఒకటుంది. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పడానికే ఈ భాగం.

మా తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. ఎవరిదో పదవీ విరమణ రోజు తీసిన గ్రూపు ఫొటో మా ట్రంకు పెట్టెలో ఉండేది. మొత్తం 31 మంది. ముందు కుర్చీల్లో దండలు వేసుకున్న అధికారులు, వెనక నిలబడ్డ రెండు వరుసలు, కింద నేల మీద కూర్చున్నవాళ్లు. తాత చివరి వరుసలో, ఎడమ నుంచి నాలుగోవాడు.

నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నాయనమ్మ ఆ ఫొటో మీద వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. "గీయన మన పక్క క్వార్టరాయన, పెయింట్ షాపుల చేస్తుండె. గీయన హార్మోనియం మంచిగ వాయిస్తుండె బిడ్డా, రాత్రి భజనంటే గీయనే ఉండాలె." తొమ్మిది పేర్లు రాసుకున్నాను. మర్నాడు చాప్టర్ ఇవ్వాల్సి ఉంది. "మిగిలినవి రేపు రాస్తా నాయనమ్మా" అన్నాను. ఆ రేపు మళ్లీ రాలేదు. ఆ చలికాలమే ఆమె పోయింది.

31 మంది, తొమ్మిది పేర్లు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తీసుకున్నవాణ్ణి. ఎవరెవరి తాళపత్రాలకో పాఠాంతరాలు చదివినవాణ్ణి. మా ఇంటి చరిత్రకు మాత్రం పెన్సిల్ పట్టుకోవడానికి నాకు తీరిక లేకపోయింది. ఈ తప్పు నాదే.

లాలాపేట, లాలాగూడ, మెట్టుగూడ, తార్నాక ఇప్పుడు మెట్రో నగరంలో కొన్ని స్టాపుల పేర్లు. ఒకప్పుడు ఇదంతా భోంగా మోతకు నిద్ర లేచే చిన్న కార్ఖానా ఊరు. 1874లో నిజాం రైలు సికింద్రాబాద్‌కు వచ్చింది. 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టారు. దాని చుట్టూ క్వార్టర్లు, కల్లు దుకాణాలు, చర్చీలు, గుడిసెలు లేచాయి. పల్లెలో వెట్టి తప్పించుకుని వచ్చిన మన తాతలకు నెల జీతం, సెలవు చీటీ, పింఛను మొదట కనబడింది ఇలాంటి చోట్లనే. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. హార్మోనియం వాయించినాయన దొరకడు.

మన దగ్గర ఫొటోలు తీయలేదా అంటే, తీశారు. రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ప్యాలెస్‌లు, వేటలు, వైస్రాయ్‌లు, నవాబులు, అందరికీ పేర్లున్నాయి. అదే స్టూడియో 1899-1900 కరువులో ఔరంగాబాద్ వైపు సహాయ పనుల ఫొటోలు కూడా తీసింది. వాటిలో ఎముకల గూళ్లలాంటి మనుషులు కనిపిస్తారు. వాళ్లకు పేర్లు లేవు.

మన క్యాంపస్‌కే రండి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీకి నమూనా గీసింది బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ అని ప్రతి విద్యార్థీ చెబుతాడు. ఆ రాయి చెక్కినవాళ్ల పేరు ఒక్కటి చెప్పమనండి. 1953 జనవరి 12న ఉస్మానియా బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ ఫొటోను మనం హాస్టల్ గదుల్లో కట్టుకున్నాం, మంచిదే. ఆ రోజు ఆయన్ని చూడ్డానికి పక్క బస్తీల నుంచి నడిచి వెళ్లినవాళ్లున్నారా? ఆ ఫొటో చెప్పదు. ఏ ఇంటి ముసలమ్మో చెప్పాలి.

కాబట్టి నేననేది ఇది. మనకు కొరత ఫొటోలది కాదు, పేర్లది. పాస్‌పోర్టు సైజు ఐడీ ఫొటోలు, రైల్వే పాస్ మీదివి, పెళ్లి ఆల్బమ్‌లు, ఏప్రిల్ 14 ఊరేగింపులు, స్టూడియోలో అద్దె కోటు తొడుక్కుని దిగిన బొమ్మలు ఇంటింటా ఉన్నాయి. ఆ అద్దె కోటు చూసి నవ్వకండి. ఊళ్లో చెప్పులేసుకుని నడవనివ్వని మనిషి పట్నంలో పైసలిచ్చి కోటులో దిగాడంటే, తాను ఎలా కనబడాలో తానే తేల్చుకున్నాడని అర్థం.

"స్కాన్ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే అయిపాయె గదా" అంటున్నారు తమ్ముళ్లు. పేరు లేకుండా పెడితే అది 'పాత హైదరాబాద్' పేజీల్లో ఇంకో ముచ్చటైన బొమ్మ అవుతుంది. దానికి వెయ్యి లైకులొస్తాయి, ఆ మనిషి మాత్రం మళ్లీ కూలీగానే మిగులుతాడు. ఇంకోటి, తార్నాకలో కులం చెప్పకుండా అద్దెకుంటున్న మనవాళ్లున్నారు. వాళ్ల నాన్న ఫొటోను అడగకుండా మన పేజీలో పెట్టడం ఉద్యమం కాదు. అడగాలి. వద్దంటే ఊరుకోవాలి.

నేపాల్ పిక్చర్ లైబ్రరీ వాళ్లు ఫొటోలు సేకరించి దళితుల ఆత్మగౌరవ పోరాటం మీద ప్రదర్శన పెట్టారు, పుస్తకం వేశారు. మనమూ చేయగలం. ఒక ఫోను, ఒక నోటుబుక్కు, రెండు ఆదివారాలు చాలు. ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో తీయండి. ఫొటో వెనక భాగం కూడా తీయండి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. అట్టకు అంటుకున్నదాన్ని పీకొద్దు. వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, బాల్‌పెన్ వాడితే అచ్చు పడుతుంది. పాత నెగటివ్‌లు వెనిగర్ వాసనొస్తే చెడిపోతున్నట్టు, వేరే కవర్లో పెట్టండి. అసలు ఫొటో ఆ ఇంట్లోనే ఉండాలి. ఒక కాపీ బస్తీలో, ఒకటి యూనివర్సిటీలో. "రిసెర్చ్‌కు కావాలె, మళ్లిస్త" అని తీసుకుపోయి తిరిగివ్వనివాళ్లను మన ఇళ్లు చాలామందిని చూశాయి. మనం ఆ జాబితాలో చేరొద్దు.

ముందు ఆడవాళ్లను అడగండి. గ్రూపు ఫొటోల్లో వాళ్లు ఉండరు. అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరి పిల్ల ఎవరికిచ్చారో వాళ్లకే తెలుసు. చెప్పిన ఆమె పేరు కూడా రాయండి. తొమ్మిది పేర్ల కాగితం మీద నేను నాయనమ్మ పేరు కూడా రాయలేదు, మొన్ననే రాశాను.

ఈ పోస్టుకు ఫొటో ఉండదు. వచ్చే ఏప్రిల్ 14న మా బస్తీ విగ్రహం దగ్గర దాన్ని పెద్దగా ప్రింటు తీసి పెడతాను. ఆ తొమ్మిది మంది ఇళ్లకు ముందే వెళ్లి అడుగుతాను. ప్రతి మనిషి మీద ఒక నంబరు, పక్కన దారం కట్టిన పెన్సిల్, నోటుబుక్కు ఉంటాయి. ఇంకా 22 మంది ఉన్నారు. మీ ఇంట్లో ఎనభై దాటిన వాళ్లుంటే ఆటో కట్టించుకుని తీసుకురండి, కిరాయి నేనిస్తాను.

అప్పటిదాకా ఆగొద్దు. ఈ రాత్రికి మీ ఇంటి పెట్టె తెరిచి, ఒక్క ఫొటో పట్టుకుని అమ్మ పక్కన కూర్చోండి.

జై భీమ్.